పలకని మనిషి ముందు

నమోదు 1

ఏ కొట్టుకి శిక్షణ ఇవ్వడానికి వెళ్ళినా అక్కడ జరిగింది జరిగినట్టు మెడలో ఉన్న, మాటలు నమోదు చేసే బిళ్ళకి చెప్పాలని మా భద్రతా శాఖవారి నియమం. చెబుతున్నాను, వినండి. పైడమ్మ సోడా కొట్టు నన్ను ఈరోజు కూడా వెళ్ళగొట్టింది.

వెళ్ళగొట్టడమంటే మెడ పట్టి గెంటడం కాదు. నిమ్మసోడా చేతిలో పెట్టి, పీట వేసి, నా మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో అడిగి, "ఈయాల బేరం మీదున్నాం, రేపు రా ట్రైనింగమ్మా" అని పంపేసింది. నా పేరు వరహాలమ్మ. ఈ సొరంగంలో ఆ సంగతి నాకూ మా అమ్మకీ తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు. పెద్ద కార్ఖానాలవాళ్ళకి జరిమానా భయం, పిలిచి మరీ చెప్పించుకుంటారు. ముగ్గురూ నలుగురూ పనిచేసే ఈ చిన్న కొట్లవాళ్ళకి మాత్రం నేనంటే బేరం చెడగొట్టే అపశకునం.

అసలు నా ఉద్యోగంలో సగం జాగ్రత్తలు చెప్పడం కాదు, మాట్లాడటం నేర్పడం. ఇక్కడ రైళ్ళు తిరిగిన కాలంలో, బండి వచ్చేటప్పుడు లైను పనివాళ్ళు ఒదిగి నిలబడటానికి గోడల్లో గూళ్ళు తొలిచారట. పైన ఎండకి మనిషి ఆగలేని రోజులొచ్చాక ఆ గూళ్ళనే లోతుగా తవ్వి కొట్లు పెట్టుకున్నాం. ప్రతి కొట్టుకీ ఒకటే దారి. ఆ దారికి చెవులూ నోరూ ఉన్న గుమ్మాలు బిగించారు. లోపలికి వచ్చినవాళ్ళు "వచ్చాను" అనాలి, బయటికి వెళ్ళేవాళ్ళు "పోతున్నాను" అనాలి. గొంతు పోల్చుకుని, లోపల ఎవరెవరున్నారో గుమ్మం గుర్తుపెట్టుకుంటుంది. మంట వచ్చినా గ్యాసు వచ్చినా ఒక్కరినీ వదిలేయకుండా బయటికి పంపాలి కదా.

బాగానే ఉంది. కానీ మనవాళ్ళలో గడప దాటుతూ "పోతున్నాను" అనేవాడెవడు? శుభమా అని బయల్దేరుతూ ఆ మాటంటే ఇంట్లోవాళ్ళు చెంపలు వాయిస్తారు. "వస్తాను" అంటాడు. గుమ్మానికి అది ఎక్కదు. పోతున్నానని చెప్పలేదు గనక మనిషి ఇంకా లోపలే ఉన్నాడనుకుంటుంది. పైగా దానికి అచ్చుపుస్తకంలో తెలుగు తప్ప రాదు. మావాళ్ళు నోరారా "పోతన్నాను" అంటే, "మాట అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అంటుంది. దాని దుంప తెగ, దీన్ని తయారుచేసినవాళ్ళు మా వైపు ఒక్కసారైనా వచ్చి మజ్జిగ తాగి ఉంటే ఈ బాధ ఉండేది కాదు.

ఈరోజు పైడమ్మ కొట్టు కట్టేసేటప్పుడు అక్కడే ఉన్నాను. ముందు సిలిండర్లు చూసుకునే అప్పలకొండ బయటికి వచ్చాడు, తర్వాత పైడమ్మ ఆడపడుచు నూకాలు, ఆ తర్వాత పైడమ్మ. అందరూ ఆ మాటని గొణిగినట్టు అని, వెంటనే చెంపలు వేసుకున్నారు. గుమ్మం అంది, "లోపల ఉన్నవారు, సూరప్పడు గారు."

సూరప్పడు పైడమ్మ భర్త. చాలా ఏళ్ళ కిందట నిమ్మకాయల కోసం పైకి వెళ్తూ "ఒస్తానే పైడీ" అన్నాడు. పొద్దెక్కేలోగా దిగి రాలేదు. పొద్దెక్కాక పైన దారిలో చిక్కుకున్నవాడి గతి వేరే చెప్పక్కర్లేదు. ఒళ్ళు మాత్రం దొరకలేదు. "సూరప్పడు పోయాడు" అని యజమాని గొంతుతో ఒక్క మాట చెబితే గుమ్మం ఆయన్ని తీసేస్తుంది. పైడమ్మ చెప్పదు. రోజూ గుమ్మం ఆయన పేరు పలికేదాకా నిలబడి, విని, కొంగు దులుపుకుని ఇంటికి వెళ్తుంది.

నమోదు 2

ఈరోజు పైడమ్మ నాకు దొరికింది. శిక్షణ పూర్తి కాకపోతే గ్యాసు సిలిండర్లు ఆపేస్తామని శాఖవాళ్ళు కబురంపారట. పైడమ్మ మొహం ముడుచుకుని పీట వేసింది.

"కానియ్యమ్మా, నీ పురాణం. బేగి కానియ్యి."

ముందు సిలిండరు. నా ఎత్తున్న ఇనప సిలిండరు, గోడకి ఆనించి ఉత్తినే నిలబెట్టారు. "దీన్ని గోడకి కట్టే గొలుసు ఏదీ?" అన్నాను. అప్పలకొండ తలెత్తి పైకి చూపించాడు. నేను కిందటి ఏడు ఇచ్చిన గొలుసుకి కప్పు నుంచి నిమ్మకాయల బుట్ట వేలాడుతోంది.

"కిందెడితే ఎలకలు కొరికేస్తన్నాయమ్మా," అన్నాడు, అదేదో నాకు సాయం చేసినట్టు.

తర్వాత దీపం. గోడకి పైడితల్లి పటం, దాని ముందు నూనెదీపం. కొట్టులో మంట ఉండకూడదన్నాను. "తల్లికి దీపం కూడా నీ పర్మిషన్తోనేటి?" అంది పైడమ్మ. ఆ గొడవ అక్కడితో వదిలేశాను. నాకూ పైడితల్లి అంటే భయమే.

తర్వాత గ్యాసు. "సోడా కొడితే బుస్సుమనేది ఇదే. వాసన ఉండదు, రంగు ఉండదు. గాలికన్నా బరువు, అందుకని నీళ్ళు నిండినట్టు కింద నుంచి నిండుతుంది. తల దిమ్మెక్కిందనుకో, మొదట ఏం చేస్తావు నూకాలూ?"

"కూకుంటాను," అంది నూకాలు టక్కున.

"కూర్చున్నావా, మళ్ళీ లేవవు. దేనిమీదైనా ఎక్కి నిలబడాలి."

నూకాలు యాభై దాటిన మనిషి, పొట్టిది. క్రేటు మీద నిలబడితే గాని సీసాల అర అందదు. ఆ మాట విని తన ఎత్తు తాను చూసుకుని నవ్వింది. అందరం నవ్వాం.

చివరికి గుమ్మం. ప్రమాదం వస్తే గుమ్మం మూసుకుంటుందని, అందరినీ పేరుపేరునా పిలుస్తుందని, పలికినవాళ్ళు ఆగాలని, పలకని మనిషిని ముందు తీసుకెళ్ళాలని చెప్పాను. కింద సొరంగంలో ఓసారి మంట లేస్తే, కాళ్ళున్నవాళ్ళంతా పరిగెత్తి, స్పృహ తప్పినవాళ్ళని వదిలేశారు. అప్పటి నుంచి ఈ నియమం. పలకని మనిషి ముందు. ఈ మాట అందరిచేతా మూడుసార్లు అనిపించాను.

పైడమ్మ వక్క నములుతూ అడిగింది, "మరి మాయన పలకడు కదా. ఆయన ముందేటి?"

"అందుకే ఆ పేరు తీయించమని మొత్తుకుంటున్నాను అత్తా."

"ఆయన ఒస్తానన్నాడు. నాను పోనాడనాలేటి? ఎవులు సూసినారు?"

"సరే, ముందు ఆ గొలుసు తీసి సిలిండరుకి కట్టు," అన్నాను అప్పలకొండతో.

నమోదు 3

గుమ్మం మూసుకుంది. లోపల ఉన్నాం. జరిగింది జరిగినట్టే చెబుతున్నాను.

అప్పలకొండ గొలుసు విప్పాడు. బుట్ట జారి నిమ్మకాయలు నేలంతా దొర్లాయి. వాడు వాటిని చూడకుండా సిలిండరుని గోడ వైపు దొర్లించబోయాడు. కాలికింద కాయ పడింది. మనిషి ఒక పక్క, సిలిండరు ఒక పక్క. దాని మెడ పోయి నేలలో నీళ్ళు పోయే రాతి కాలువ అంచుకి కొట్టుకుంది. చెవులు చిల్లులు పడేలా బుస్సుమంది. మెడ చుట్టూ తెల్లగా మంచు పేరుకుంటోంది. వాడు చేత్తో మూయబోతే జుట్టు పట్టి వెనక్కి లాగాను. ఆ చల్లదనానికి చెయ్యి దానికే అంటుకుపోతుంది. తడి గోనెలు తెచ్చి కప్పాం. చప్పుడు తగ్గింది, గ్యాసు తగ్గలేదు. గొలుసు కట్టమన్నది నేనే. కాయలు ఏరాక కట్టమని అనలేదు.

గుమ్మం మెత్తగా అంది, "గ్యాసు. తలుపు మూస్తున్నాను. పల్లంలో పిల్లల బడి ఉంది." అదీ నిజమే. తెరిచి ఉంటే ఇది వాలుకి పారుకుంటూ తిన్నగా బడిలోకే పోతుంది. పొగగొట్టం తెరిచి ఇదంతా పైకి లాగడం గుమ్మానికి చేతవును గానీ, మనుషులు లోపల ఉండగా లాగదు. ఉన్న కాస్త గాలీ పోతుందని.

"లోపల ఐదుగురు ఉన్నారు. పలకండి."

నలుగురం పలికాం.

"సూరప్పడు గారు పలకడం లేదు. పలకని మనిషి ముందు. ఆయన్ని గుమ్మం దగ్గరకు తీసుకురండి."

నమోదు 4

క్రేట్లు ఒకదానిమీద ఒకటి పేర్చి ఎక్కి నిలబడ్డాం. తలలు కప్పుకి తగులుతున్నాయి. నేను ఆర్పేయమన్న దీపమే ఇప్పుడు మాకు కొలత. చేత్తో పట్టుకుని మెల్లగా కిందికి దించుతున్నాను. మొదట నేల దగ్గర ఆరిపోయింది. వెలిగించి మళ్ళీ దించితే మోకాలి దగ్గర ఆరిపోయింది. ఇప్పుడు రెండో క్రేటు దగ్గరే కొడిగడుతోంది. ఆ పైన వెలుగుతోంది గనక పైన ఇంకా గాలి ఉంది.

బయట జనం పోగయ్యారు. పక్క కొట్టు టైలరు తలుపు మీద బాదుతూ "పైడమ్మప్పో, బెంగెట్టుకోకండి, కూడలి నుంచి తలుపు కోసేవోల్లొస్తన్నారు" అని అరిచాడు. కూడలి ఎక్కడ, మేమెక్కడ. వాళ్ళొచ్చేదాకా ఈ గాలి ఆగదు. నాకు తెలుసు. ఆ మాట పైకి అనలేదు.

సూరప్పడి వంతు తీరితే గాని గుమ్మం మాకెవరికీ దారివ్వదు. నేనే గుమ్మంతో అన్నాను, "సూరప్పడు పోయాడు."

"మీరు యజమాని కారు, వరహాలమ్మ గారూ."

అప్పలకొండ గొంతు బొంగురు చేసి, ముసలాడిలా దగ్గి, "పోతున్నాను" అన్నాడు.

"అప్పలకొండ గారూ, మీ వంతు రాలేదు."

ఇంకో రోజైతే కడుపుబ్బ నవ్వేవాళ్ళం. అందరం పైడమ్మ వైపు చూశాం. ఆమె పైడితల్లి పటం వైపు చూస్తోంది.

"అత్తా, ఒక్క మాట."

"నానన్ను."

"అనకపోతే చస్తాం!"

"సచ్చిపోతే సచ్చిపోతాం. బతికున్నోడిని నా నోటితో సంపమంటావేటి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను, బిళ్ళ విన్నది, శాఖవాళ్ళూ వినుకోండి. ముసలిదానివి, మొండిదానివి, లేని మనిషి కోసం ఉన్నవాళ్ళని చంపుతున్నావన్నాను. అరిస్తే ఉన్న గాలి ఖర్చైపోతుందని అందరికీ నేర్పేదాన్ని నేనే. అరిచాక నాకే ఆయాసం వచ్చింది.

నమోదు 5

తల పగిలిపోతోంది. ఎంత ఊపిరి పీల్చినా చాలడం లేదు. ఇది గూడు కాదు, మూత పెట్టిన సీసా. సోడా సీసాలో గోలీల్లా ఇరుక్కున్నాం.

నూకాలు కూర్చోబోయింది. "కూకుంటాను, ఒక్క సెనం," అంది. రెక్క పట్టి నిలబెట్టాను. మళ్ళీ జారింది. పొట్టి మనిషి కదా, మా అందరికంటే ముందు ఆమె మొహం దగ్గరికి వచ్చేస్తోంది ఆ గ్యాసు. అప్పలకొండ ఆమెని భుజం మీదికి ఎత్తుకున్నాడు. సిలిండరు పడేసింది తనేనని ఏడుస్తున్నాడు.

"గుమ్మం దగ్గరకు తీసుకురండి. సూరప్పడు గారు పలకడం లేదు," అంటోంది గుమ్మం. అదే మెత్తటి గొంతు, అదే మాట.

నూకాలు కళ్ళు తెరవకుండానే అంది, "వదినా."

పైడమ్మ తిరిగి చూసింది.

"అన్నయ్య ఉంటే... పలికీవోడు కాదేటి వదినా? నన్నిలా సూసి... పలక్కుండా ఊరుకుంటాడేటి?"

పైడమ్మ నోట్లోంచి వక్క కింద పడింది. ఒక చేత్తో గోడ పట్టుకుంది, ఇంకో చేత్తో నూకాలు తల నిమిరింది. గుమ్మం వైపు తిరిగింది.

"మాయన," అంది. ఆగింది. "మాయన సూరప్పడు... పోనాడు."

ఆమె ఏడవడం ఇన్నేళ్ళలో నేను చూడలేదు. కొట్టంతా ఆ ఏడుపే వినిపించింది.

"మాట అర్థం కాలేదు," అంది గుమ్మం. "మళ్ళీ చెప్పండి."

నమోదు 6

ఆ క్షణం నా చేతిలో గునపం ఉంటే ఆ గుమ్మం నోరు పగలగొట్టేదాన్ని. ఒకసారి అనడానికే అన్నేళ్ళు పట్టిన మాట. రెండోసారి అనమంటుందా? పోనాడంటే పోయాడని తెలియనిదానికి మా ప్రాణాలు అప్పగించారా?

కానీ నేర్పేదాన్ని నేనే. నా ఉద్యోగం అదే. ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. ఏడుస్తూనే అచ్చుపుస్తకంలా అందించాను.

"పో. యా. డు. అత్తా, 'నా' కాదు, 'యా'."

పసిపిల్లలా నా పెదాలు చూస్తూ చెప్పింది. "సూరప్పడు పో-యా-డు."

"సూరప్పడు గారిని తీసివేశాను," అంది గుమ్మం. "నూకాలు గారు ముందు."

సన్నని దారి తెరుచుకుంది. మోసేవాడికీ, మోయించుకునేవాళ్ళకీ మాత్రమే చోటు. అప్పలకొండ నూకాలుని ఎత్తుకుని వెళ్ళాడు. తర్వాత నా వంతు. యజమాని చివర. ఈ నియమం కూడా నేను బట్టీ పట్టించిందే. "నా వెనకే వచ్చేయ్ అత్తా," అన్నాను. తల ఊపింది. నేను పోతున్నానని చెప్పి బయటపడ్డాను. నా వెనక దారి మూసుకుంది.

బయటి గాలికి కళ్ళు తిరిగాయి. నూకాలుని టైలరు బల్లమీద పడుకోబెట్టారు, దగ్గుతోంది, బతికింది. నేను గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డాను. ఆమె రాలేదు.

"లోపల ఉన్నవారు, పైడమ్మ గారు," అంది గుమ్మం. కాసేపటికి, "పైడమ్మ గారు పలకడం లేదు."

ఆమెకి నోరుంది, ఓపికుంది, తల ఊపింది. కావాలనే పలకడం లేదని నాకు అర్థమైంది. లోపలికి వెళ్ళి లాక్కొద్దామంటే నాకు వీల్లేదు. ఒకరి కోసం ఇంకొకరు దూకితే ఇద్దరూ పోతారని ఊరంతా తిరిగి చెప్పినదాన్ని. తలుపుకి నోరు ఆనించి అరిచాను.

"అత్తా! రేపటి నుంచి గుమ్మం నీ పేరు చెబుతుంది, వింటున్నావా? రోజూ కొట్టు కట్టేసేటప్పుడు నీ పేరే! యజమాని ఇక నూకాలు. నీకు ఈరోజు పట్టిన గతే దానికి పడుతుంది. పైడమ్మ పోయిందని నూకాలు అనాలి. అది అనగలదా? నువ్వు అనిపిస్తావా దానిచేత?"

తలుపు మీద నుదురు ఆనించి అలాగే ఉండిపోయాను.

లోపల క్రేటు జరిగిన చప్పుడైంది. తర్వాత ఆమె గొంతు, బొంగురుగా, నేను నేర్పినట్టే ఒక్క అక్షరం పొల్లుపోకుండా.

"పో-తు-న్నా-ను."

నమోదు 7

కొట్టు మళ్ళీ తెరిచారు. సిలిండరు గోడకి గొలుసుతో కట్టి ఉంది, నిమ్మకాయలు మూత ఉన్న డబ్బాలో ఉన్నాయి. శిక్షణ పూర్తయిందని బిళ్ళకి చెబుతున్నాను. శాఖవారికి ఒక మనవి కూడా. గుమ్మాలకి "పోనాడు" నేర్పండి. "పోతన్నాను" నేర్పండి. జనానికి మీ మాట నేర్పడానికి నన్ను పంపారు, మీ తలుపుకి జనం మాట నేర్పడానికి ఎవరినీ పంపలేదు. నేర్పేదాకా నేను ఇంకో కొట్టుకి వెళ్ళను. ఉద్యోగం తీసేస్తే తీసేయండి.

కొట్టు కట్టేసే వేళకి అక్కడే ఉన్నాను. అప్పలకొండ బయటికి వచ్చాడు, నూకాలు వచ్చింది, పైడమ్మ వచ్చింది. అలవాటుగా గుమ్మం ముందు నిలబడింది.

"లోపల ఎవరూ లేరు," అంది గుమ్మం.

పైడమ్మ కదల్లేదు. ఆ మాట ఇంకోసారి అంటుందేమోనన్నట్టు కాసేపు చెవి ఒగ్గి నిలబడింది. తర్వాత కొంగు దులుపుకుంది. మర్చిపోయిన బిళ్ళ లోపల పీట మీదే ఉందని గుర్తొచ్చి, "వచ్చాను" అని లోపలికి వెళ్ళి, తీసుకుని మెడలో వేసుకుని వెనక్కి తిరిగాను. గుమ్మంలో ఆమె మొహం చూడగానే నా నోరు జారింది.

"వస్తాను అత్తా," అన్నాను.

"ఏటది?" అని కసిరింది. "ఊరందరికీ సెప్పీదానివి, నీకు తెల్దేటి? సరిగ్గా అను. నీ పేరు రేపు నానింటూ కూకోవాలేటి?"

తలొంచుకుని అన్నాను, "పోతున్నాను."

"వరహాలమ్మ గారు వెళ్ళారు. లోపల ఎవరూ లేరు," అంది గుమ్మం.

బయటికి వచ్చాక పైడమ్మ నా చెయ్యి పట్టుకుని నాలుగడుగులు అవతలికి, ఆ గుమ్మానికి వినపడనంత దూరం తీసుకెళ్ళింది.

"దానికి సెప్పీసినావు కదా వరాలూ," అంది. "ఇప్పుడు నాకు సెప్పు."

"వస్తాను అత్తా," అన్నాను.